దిమ్మ మీది ఫర్లాంగు రాయి

దేవుళ్లు ఎలా పుడతారన్న విషయం మీద నేను చాలా సభల్లో మాట్లాడాను. ఒక దేవుడు పుడుతుండగా పక్కన నిలబడి చూసింది మాత్రం ఆమధ్య గుంటూరు నుంచి పర్చూరు వెళ్లినప్పుడే. పురుడు పోసింది ఇడ్లీలు అమ్ముకునే ఒక ఇల్లాలు. నామకరణానికి సలహా అడిగింది నన్ను. లోకంలో ఇంతమంది ఉండగా నన్ను!

పర్చూరు పక్క పల్లెలో నా మిత్రుడు వీరయ్య కూతురి పెళ్లి. పురోహితుడు లేని పెళ్లి, అదీ మూఢంలో. పెద్దమనిషిగా నేను నిలబడి నాలుగు మాటలు చెప్పి దండలు మార్పించాలి. ముహూర్తం లేని పెళ్లి కనుక ఆలస్యమవుతుందన్న బెంగ లేకుండా బయలుదేరాను.

గుంటూరు

మాది బందరు పక్క కాలువల సీమ. అక్కడ కారం వంటింట్లో ఉంటుంది. గుంటూరులో గాలిలో ఉంటుంది. కోతల కాలం కావడంతో మిరప యార్డు ముందు బళ్లు బారులు తీరి ఉన్నాయి. ఎర్రటి కాయలు నేల మీద రాశులుగా పోసి ఉన్నాయి. ఆ వీధిలో అడుగుపెట్టగానే తుమ్ములు అందుకున్నాను. కాఫీ హోటల్లో వడ్డించే మనిషి నన్ను చూసి నవ్వాడు.

"కొత్తా అండీ? నాలుగు రోజులుంటే మీ ముక్కు కూడా గుంటూరుదైపోద్ది."

కాఫీ మాత్రం చిక్కగా ఉంది. మా ఊళ్లో కంటే అర్ధణా ఎక్కువ. నయాపైసలు వచ్చి ఇంతకాలమైనా ఆయన అణాల్లోనే అడిగాడు, నేను అణాల్లోనే విన్నాను.

బస్సు కదలబోతుండగా మళ్లీ తుమ్మాను. పక్క సీటులోని పెద్దాయన, పత్తి బేరాలు చేసే ఆయనట, డ్రైవరు వైపు చెయ్యెత్తి, "ఒంటి తుమ్ము! కాసేపు ఆపవయ్యా," అన్నాడు. డ్రైవరు బుద్ధిగా ఆపాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏమండీ, పొద్దుట్నుంచి ఈ ఊళ్లో తుమ్మనివాడు లేడు. యార్డులో బేరం కుదిరే వేళ ఎవరైనా తుమ్మితే మీరు బేరం ఆపుతారా?"

"యార్డులో తుమ్ముకి శకునం లేదండీ," అన్నాడాయన శాంతంగా. "అక్కడ కూడా శకునం చూస్తే ఒక్క బస్తా అమ్ముడుపోదు. బస్సెక్కాక మాత్రం చూడాలి."

నేను వాదించబోయి ఆగిపోయాను. పని ఆగిపోయే చోట శకునం తనంతట తానే తప్పుకుంటుందని ఇంత నిక్కచ్చిగా ఏ హేతువాదీ చెప్పలేదు. ఇది ఎక్కడైనా రాయాలనుకున్నాను. ఇప్పుడు రాశాను.

దిమ్మ

చిలకలూరిపేట దాటాక నల్లరేగడి మొదలవుతుంది. పత్తి తీసేసిన చేలల్లో ఎండుకట్టె మిగిలి ఉంది. కనుచూపు మేర నీడ లేదు. మా వైపు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాలువ దారి చూపిస్తుంది. ఇక్కడ ఆ పని కూడా రోడ్డే చెయ్యాలి.

పర్చూరు దారి చీలే చోట పెద్దరోడ్డును ఈమధ్య వెడల్పు చేశారు. ఎదురుగా పడమటి పల్లెలకు పోయే బండ్లబాట ఒకటి ఉంది. అలా అక్కడ నాలుగు దారులు కలుస్తాయి. రోడ్ల వాళ్లు ఆ కూడలి నడుమ నడుమెత్తు రాతిదిమ్మ ఒకటి గుండ్రంగా కట్టారు. ఎటు నుంచి వచ్చినవాడైనా దిమ్మకు ఎడమ పక్కగా చుట్టు తిరిగి తన దారి పట్టాలన్నది వారి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని ఇంగ్లీషులో ఒక పలక మీద రాసి, పలకను పాతి, వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు. మేం వెళ్లేసరికి ఆ పలక మీద ఎవరిదో లుంగీ ఆరుతోంది.

మా బస్సు దిమ్మను కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు పర్చూరు వైపు నుంచి మిరపకాయల బస్తాల బండి ఒకటి, దిమ్మకు ఇవతలగా అడ్డంగా కోసుకుంటూ మా మూతి ముందుకు వచ్చింది. డ్రైవరు బస్సును పక్కకు లాగాడు. బస్సు రోడ్డు పక్క మట్టి తీసిన గుంటలో ఒక చక్రం దించి ఒరిగిపోయింది. పత్తి పెద్దాయన నా ఒళ్లో పడ్డాడు. పడి, "చెప్పానా!" అన్నాడు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు కిందికి దూకాడు.

"ఏరా! అంత దిమ్మ కళ్లకు కనపడలా? చుట్టూ తిరిగి రాలేవూ?"

బండి మీది మనిషి కూడా తగ్గలేదు. "నేనెందుకు తిరగాలిరా? నేను గుంటూరు పోవాల. గుంటూరు ఈ పక్కనుంది. నువ్వు చెప్పినట్టు అటు తిరిగితే ఒంగోలు మొగం పెట్టాల. గుంటూరు పోయేవాడు ఒంగోలుకేసి ఎందుకు నడుస్తాడ్రా?"

పలక మీద ఇంగ్లీషు రాసినవాడు ఈ ప్రశ్నకు జవాబు రాయలేదు. డ్రైవరు దగ్గర కూడా జవాబు లేదు. బూతులున్నాయి.

కోటమ్మ పాక

రోడ్డు వారనున్న పాకలోంచి ఒక మనిషి చేతికి పిండితో పరుగెత్తుకొచ్చింది. బండివాడి భార్య. పేరు కోటమ్మ. అతని పేరు సాంబయ్య. ముందు మొగుణ్ణి తిట్టి, తర్వాత డ్రైవర్ని తిట్టి, చివరికి ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చింది. సాంబయ్య ఆమె మొహం చూడకుండా బండి తోలుకుని వెళ్లిపోయాడు. బస్సును గుంటలోంచి లాగేదాకా మేం ఆ పాకలోనే కూర్చున్నాం.

ఇడ్లీలు గట్టిగా ఉన్నాయి గానీ అల్లం పచ్చడి ఆ గట్టితనాన్ని క్షమించేటట్టుంది. ఆ పక్కనే మస్తాన్ సోడా కొట్టు. గోళీని బొటనవేలితో నొక్కి, ఆ చప్పుడుతోనే గిరాకీని పిలుస్తాడు. కోటమ్మ అతన్ని అన్నా అంటుంది.

"పోయిన అమావాస్యకి ముందు ఎద్దు పోయిందండీ," అంది కోటమ్మ, నేను అడక్కుండానే. "ఇక్కడే. ఇట్టాగే అడ్డం తోలాడు, లారీ వచ్చి కొట్టింది. ఇప్పుడు కట్టింది మా తమ్ముడి ఎద్దు. కొత్తది, చీమ చిటుక్కుమన్నా బెదురుద్ది. ఈసారి పోయేది ఎద్దు కాదు, ఈయనే."

"మీరు చెప్పరా ఆయనకు?"

"'మీరు' అంటాడేందయ్యా నన్ను!" అని నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "చెప్తే వినడు బాబుగారూ. పెళ్లాం మాట విని దారి మార్చాడంటే బండ్లోళ్లు నవ్వుతారంట. అందుకే నేనొకటి ఆలోచించా. గుళ్లో ఎవరైనా దేవుడికి ఎదురు తిరుగుతారా? అందరూ కుడిచెయ్యి దేవుడి వైపు పెట్టుకునేగా తిరిగేది? ఆ దిమ్మ మీద ఒక రాయి నిలబెట్టి పసుపు పూశామనుకోండి, చచ్చినట్టు అందరూ ఎడమ పక్కనే పోతారు. మీరు చదువుకున్నోళ్లు. ఏ దేవుణ్ణి పెడితే బండ్లోళ్లు బాగా బయపడతారో చెప్పండి."

పత్తి పెద్దాయన వెంటనే ఆంజనేయస్వామి అన్నాడు. మస్తాన్ సోడా కొడుతూ, "అమ్మోరైతే ఇంకా బయం," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. పాక చూరు తలకు తగిలింది. అయినా తగ్గలేదు. అజ్ఞానాన్ని పోగొట్టాల్సింది పోయి ఇంకో రాయిని దేవుణ్ణి చేస్తారా అన్నాను. ఇవాళ పసుపు, రేపు హుండీ, ఎల్లుండి పూజారి, ఆ మర్నాడు ఆ పూజారి కొడుక్కి మాన్యం అన్నాను. నాగరిక దేశాల్లో చట్టానికి జనం ఎలా లోబడతారో చెప్పాను. కోటమ్మ పిండి కలుపుతూ మొత్తం విన్నది.

"నాకు దేవుడేం అవసరమండీ," అంది చివరికి. "మా ఇంట్లో ఉన్నోళ్లకే దీపం పెట్టే తీరిక లేదు. నాకు కావాల్సింది మా ఆయన ఎడమ పక్కన పోవడం. అది మీ చట్టం చేస్తే దానికే పసుపు పూస్తా."

మస్తాన్ గట్టిగా నవ్వాడు. నాకు ఓడిపోయినట్టు అనిపించింది. ఓడిపోయినప్పుడు నేను వెటకారానికి దిగుతాను.

"సరే. రేపు ఈ దారిన శవం వస్తుంది. శవంతో దేవుడికి ప్రదక్షిణ చెయ్యరు కదా? ఎదురు పక్కనే పోతారు. అప్పుడు? ఊళ్లో శవం లేస్తే గుడి తలుపులు మూస్తారు. మీ దేవుడికి తలుపులేవి?"

ఆమె చెయ్యి పిండిలో ఆగింది. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం," అంది.

గెలిచానన్న తృప్తితో బస్సెక్కాను. బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి కనిపించింది. కోటమ్మ, మస్తాన్ ఇద్దరూ కలిసి, రోడ్ల వాళ్లు వాడగా మిగిలిపోయిన ఫర్లాంగు రాయినొకదాన్ని దిమ్మ వైపు దొర్లిస్తున్నారు.

పర్చూరు

వీరయ్య పొగాకు రైతు. పచ్చాకు కాల్చే బారను గది పక్కన పందిరి వేశాడు. మూఢం కాబట్టి వంటవాళ్లు ఖాళీగా ఉన్నారనీ, సన్నాయివాళ్లు సగం ధరకే వచ్చారనీ సంబరపడ్డాడు. ఈ లాభం గురించి మా ఉద్యమంలో ఎవరూ ప్రచారం చెయ్యలేదు. భోజనంలో గుత్తివంకాయ, పండుమిరప పచ్చడి, పెరుగు. పచ్చడి ముద్దకు నా కళ్లు తిరిగాయి. "నెయ్యి, నెయ్యి!" అని పంక్తి అంతా నా వైపు కేకలు పెట్టింది. మా సీమలో అతిథి మొహమాటపడితే వడ్డన ఆపుతారు. ఇక్కడ వద్దన్న చేతి మీదే వడ్డిస్తారు.

పెళ్లి బాగా జరిగింది, ఒక్క క్షణం తప్ప. నా ఉపన్యాసం అయ్యాక దండలు మార్చుకోమన్నాను. ముందు ఎవరు వెయ్యాలో చెప్పలేదు. ఇద్దరూ ఒకేసారి చేతులెత్తారు, ఇద్దరూ ఒకేసారి తలలు వంచారు. తలలు ఠంగున కొట్టుకున్నాయి, దండలు చిక్కుపడ్డాయి. పందిరంతా ఘొల్లుమంది. వీరయ్య తల్లి ఆ దండల చిక్కు విడదీస్తూ నాతో అంది:

"అయ్యవారుంటే ముందు ఎవరో చెప్పేవాడు. నువ్వు ఆయన్ని తీసేశావు. మంచిదే నాయనా, నాకేం బాధ లేదు. ఆయన పోయినా ఆ మాట చెప్పేవాడు ఉండాలిగా?"

నవ్వాను. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. మా సీమలో కాలువ మీద రెండు పడవలు ఎదురైతే పడవ నడిపే సరంగు ముందే కేక వేస్తాడు. ఎవరు ఏ ఒడ్డుకు ఒత్తుకోవాలో ఆ కేకతో తేలిపోతుంది. దేవుడూ లేడు, చట్టమూ లేదు. ఒక కేక ఉంది. ఆ దిమ్మ దగ్గర ఆ కేక వేసినవాడు లేడు. నేను కూడా అక్కడ చాలాసేపే అరిచాను. సాంబయ్యకు పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు.

తిరుగుదారి

వీరయ్య ఇంకో రెండు రోజులు ఉంచుకుని గానీ పంపలేదు. బయలుదేరిన పొద్దున్న బస్సు దిమ్మ దగ్గరకు వచ్చేసరికి దూరం నుంచే పసుపు మెరుస్తోంది. మా డ్రైవరు దిమ్మను కుడిచేతికి ఉంచుకుని నిదానంగా తిరుగుతూ, ఒక చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు. నేను అక్కడే దిగిపోయాను.

ఫర్లాంగు రాయికి నిండా పసుపు, నడుమ కుంకం బొట్టు. పసుపు కింద చెక్కిన అంకె ఇంకా తెలుస్తోంది. రెండు కొబ్బరి చిప్పలు కూడా ఉన్నాయి. బళ్లు వచ్చినవి వచ్చినట్టు ఎడమ పక్కనే చుట్టు తిరిగి పోతున్నాయి. ఒక్కటీ అడ్డం కొయ్యడం లేదు.

"ఏ పేరు పెట్టారు?" అని అడిగాను కోటమ్మను.

"నేనేం పెట్టలేదండీ. ఎవరింటి దేవుడి పేరు వాళ్లే చెప్పుకుంటన్నారు. కిరస్తానపు బండ్లోళ్లు మొక్కరు గానీ, అందరూ అటే పోతన్నారని వాళ్లూ అటే పోతన్నారు. మస్తానన్న సోడాల బండీ అంతే."

"ఎద్దులకు మతమేందండీ," అన్నాడు మస్తాన్.

సాంబయ్య గుంటూరులో సరుకు దించి ఆ పూటే తిరిగి రావాలి. ఆమె నాతో మాట్లాడుతూ గుంటూరు దారి వైపే చూస్తోంది. నేను ఇడ్లీ ముందు పెట్టుకుని మళ్లీ వాదం మొదలుపెట్టబోతుంటే డప్పుల చప్పుడు వినిపించింది.

పర్చూరు దారిలోంచి శవం వస్తోంది. వాగు ఒడ్డున ఉన్న శ్మశానానికి గుంటూరు దారిన కొంత దూరం పోవాలట. పాడె ముందు నిప్పుకుండ పట్టుకున్న మనిషి, అతని వెనక చనిపోయినాయన తమ్ముడు, ఆయనా ముసలాయనే. దిమ్మ దగ్గరకు రాగానే అందరూ ఆగారు. రాయిని చూశారు. తర్వాత దిమ్మకు కుడి పక్కకు, అంటే ఎదురు పక్కకు మళ్లారు.

కోటమ్మ పరుగెత్తింది. "అటు కాదు, అటు కాదు! ఎడమ పక్కన పోండి!"

"శవంతో దేవుడికి ప్రదక్షిణ చేస్తామా ఎక్కడైనా?" అన్నాడు ముసలాయన. "ఊరికి అరిష్టం. నీకు తెలీదా?"

అప్పుడే గుంటూరు దారిలో సాంబయ్య బండి కనిపించింది. ఖాళీ బండి, చురుగ్గా వస్తోంది. సరైన పక్కనే వస్తోంది. దాని వెనక కొద్ది దూరంలో దూదిబేళ్ల లారీ. దిమ్మ ముందు ఆ మలుపులో డప్పులకు ఎదురుపడితే ఆ బెదురు ఎద్దు వెనక్కి తన్నుతుంది. వెనక లారీ ఉంది. కోటమ్మ నా వైపు చూసింది.

నేనప్పుడు ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి చేశానని చెబితే అది కూడా ఒక మూఢనమ్మకమే అవుతుంది. దిమ్మ ఎక్కి, భుజం మీది ఖద్దరు కండువా తీసి, రాయికి తల నుంచి కింది దాకా కప్పేశాను. సభల్లో మాత్రమే వాడే గొంతుతో అరిచాను:

"తలుపులు మూశాం! దేవుడు చూడ్డం లేదు! ఎడమ పక్కన రండి, త్వరగా!"

ముసలాయన నన్ను చూశాడు, కండువాను చూశాడు. "ఆఁ, అదీ మాట," అని చెయ్యి ఊపాడు. పాడె ఎడమ పక్కకు తిరిగింది. డప్పులు దిమ్మకు అవతలికి వెళ్లాయి. సాంబయ్య బండి ఇవతలగా వచ్చింది. ఎద్దు చెవులు రిక్కించింది, ఒక్కసారి పక్కకు లాగింది, మళ్లీ దారిలో పడింది. లారీ దాని వెనకే గడగడమంటూ వెళ్లిపోయింది.

కోటమ్మ నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది. నేను దిమ్మ మీద, దేవుడికి తలుపునై, ఇంకా చేతులు చాచే నిలబడి ఉన్నాను.

రెండు సోడాబుడ్లు

సాంబయ్య పాక ముందు బండి ఆపి, ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. జరిగిందంతా భార్య చెప్పింది. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. మస్తాన్ దగ్గర రెండు సోడాబుడ్లు తీసుకుని, నేల మీద ఒక గ్లాసు బోర్లించి, ఒక బుడ్డి సాంబయ్య బండి అన్నాను, ఇంకోటి లారీ అన్నాను. గ్లాసు చుట్టూ రెండిటినీ ఎడమ పక్కగానే తిప్పి చూపించాను. ఎక్కడా ఎదురుపడలేదు. తర్వాత బండిని అడ్డం కోయించాను. రెండు బుడ్లూ టంగుమన్నాయి.

"నా బుడ్లు, నా బుడ్లు!" అన్నాడు మస్తాన్.

సాంబయ్య గొంతుక్కూర్చున్నాడు. ఒక బుడ్డి తీసుకుని తనే తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"ఓస్. ఎదురొచ్చేవాడు కూడా ఇటే తిరుగుతాడు కాబట్టి నేనూ ఇటే తిరగాలనా? ఇంతేనా? ఈ మాట అప్పుడే చెప్తే పోయేదిగా. దీనికి ఒంగోలు మొగం పెట్టినా నష్టం లేదు. మళ్లీ గుంటూరు మొగానికే వస్తా."

"నేను చెప్తే విన్నావా?" అంది కోటమ్మ.

"నువ్వు పొమ్మన్నావు. ఎందుకో చెప్పలా."

"నాకు తెలిస్తేగా!"

దిమ్మ కట్టినవాడికి తెలుసు. వాడు ఇంగ్లీషులో రాసి పోయాడు. నాకూ తెలుసు. నేను నాగరిక దేశాల గురించి చెప్పి పోయాను. ఎవరూ ఏమీ చెప్పని చోట ఆమె తన చేతిలో ఉన్న పసుపుతో చెయ్యగలిగింది చేసింది. ఇలా రాసినంత మాత్రాన ఆ రాయిని నేను ఒప్పుకున్నట్టు కాదు. ఎందుకో తెలియకుండా వచ్చిన మంచి అలవాటు, ఎందుకో తెలియని ఇంకో ఆచారం ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది. పాడె ఎదురు పక్కకు మళ్లినప్పుడు నేను చూసింది అదే.

పడమటి బాటన ఇంటికి పోవడానికి సాంబయ్య బండెక్కాడు. దిమ్మకు ఎడమ పక్కగా చక్కగా మళ్లించాడు. నాకు ఉండబట్టలేదు.

"ఏమయ్యా, అటు తిరుగుతున్నది దేవుడి కోసమా?"

"దేవుడు నన్నేం గుద్దుతాడండీ, గుద్దేది లారీ గదా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "వాడూ ఇటే తిరుగుతాడని మీరన్నారు. మీ మాట మీద పోతన్నా."

అదే సమయానికి గుంటూరు దారిలో ఇంకో లారీ వస్తోంది. ఆ డ్రైవరుకు నేను ఏ మాటా చెప్పలేదు. సోడాబుడ్లు చూపించలేదు. సాంబయ్య బండి దిమ్మకు అవతల సగం చుట్టు తిరుగుతోంది, నా మాట మీద. లారీ దగ్గరకు వచ్చింది. రాయి మీద నా కండువా ఇంకా కప్పే ఉంది. వెళ్లి దాన్ని లాగేశాను.

పసుపు మెరిసింది. డ్రైవరు చెయ్యి కళ్లకు అద్దుకుని, ఎడమ పక్కకు తిరిగాడు.

కోటమ్మ నన్ను చూసింది. చూసి, పిండి వైపు తిరిగింది. అందుకు ఆమెకు కృతజ్ఞుణ్ణి. తర్వాతి బస్సు వచ్చేదాకా ఆగిన ప్రతి బండివాడికీ సోడాబుడ్లు తిప్పి చూపిస్తూ కూర్చున్నాను. నేను వచ్చేశాక మస్తాన్ చూపిస్తానన్నాడు. కండువాకు అంటిన పసుపు ఎన్ని ఉతుకులకూ పోలేదు. సభలకు ఇప్పటికీ దాన్నే వేసుకుని వెళ్తున్నాను. ఎవరైనా అడిగితే ముందు దిమ్మ చుట్టూ ఎటు తిరగాలో, ఎందుకు తిరగాలో చెప్పి, ఆ తర్వాతే మరక సంగతి చెబుతాను.